మీ బాపు గోలీల కార్డు

ఉధ్నా, సూరత్.

బిడ్డ జమునకు మీ అవ్వ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నమని రాద్దామంటే చెయ్యి ఆగుతున్నది, బాగనే ఉన్నమనుకో. నువ్వు, అల్లుడు, పిల్లలు పైలం. ఫోన్ల చెప్పుదామంటే ఒక్కటే రూము, తమ్ముడు రవీంద్ర ఇంటడు. గందుకే బుచ్చిరాములు ఊరికొస్తుంటే ఆయన చేతికిచ్చి పంపుతున్న.

పేగుల బీమారికి, కాలి పుండుకు ఏం సంబంధమని అడిగినవు. నేనూ గదే అడిగిన. రోగం రాకుండ ఒంటికి కావలి కాసే శక్తే ఎదురు తిరిగి పేగులను, తోలును తింటున్నదట. రవీంద్ర పిక్క మీద మొదలు శెనగగింజంత గడ్డ ఉండె. నేను వేపాకు నీళ్లతోని కడిగి చెక్కు గీకితి. అరచెయ్యంత అయింది. "గెలికితే పెరుగుతది అమ్మా, ముట్టకు" అని డాక్టరు కోప్పడ్డడు. బట్ట నేసే సాంచాల కాడ పన్నెండు గంటలు నిలబడే పిల్లగాడు, ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తుండు.

సూది దొరికిందా అంటివి. దొరికింది. పేగులకు, పుండుకు అదే మందట, పదిహేను రోజులకోటి. సల్లగుండాలె గద, పక్కింటి గంగవ్వ ఫ్రిజ్‌ల పెట్టినం. "నీ కొడుకు సూది పక్కకు నా పెరుగు గిన్నె పెట్టొచ్చునా, వజ్రమ్మా?" అని ఎక్కిరిస్తది. కరెంటు పోతే నా పానం పోతది. నేను ఊకె తలుపు తీసి చూస్తుంటే, "నువ్వు తీసుడుకే ఎచ్చగైతది, పో!" అని కసిరింది.

ఇగ అసలు ముచ్చట. ఇంట్ల ఎవరికన్న టీబీ ఉండెనా అని డాక్టరు అడిగిండు. లేదన్న.

బిడ్డా, మీ బాపుకుండె. నీ పెండ్లి ముందు ఆయన ఆరు నెలలు ఊర్లె ఉన్నది పొలం పనికి గాదు, టీబీ గోలీలకు. రూము ఖాళీ చేయిస్తరని, నీ సంబంధం తప్పిపోతదని మేమిద్దరం నోరు మూసుకున్నం. ఊరికి పోకముందు తమ్ముడు ఆయన పక్కలనే పండేటోడు, ఆయన దగ్గుతుంటే వీపు రాసేటోడు. తమ్ముని ఎక్స్‌రే మంచిగనే వచ్చింది. కానీ లోపల పండుకున్న టీబీ అండ్ల కనవడకపోవచ్చట, ఈ సూది దాన్ని లేపుతదట. డాక్టరు ఇంకొకలకు చెప్తుంటే ఇన్న. ఇంటికొచ్చి పాత పెట్టెంత ఎతికిన.

రేపే మొదటి సూది. మీ బాపు గోలీల కార్డు పెట్టె అడుగున దొరికింది. కొంగుకు ముడేసుకున్న. పొద్దుగాల్ల డాక్టరు ముంగట పెడత. సూది ఆగితే ఆగనీ, పిల్లగాడు దక్కాలె. ఫోన్ జేసి నన్ను ఆపకు, ఇది నీ చేతికొచ్చేటాళ్లకు చెప్పేసుంట.

మీ అత్త ఎప్పుడన్న అడిగితే, "పెండ్లప్పుడు మా అవ్వ నాకు సుత చెప్పలే" అను. గది నిజమే.

ఇట్లు
నీ అవ్వ,
వజ్రమ్మ