కాకి ముట్టని విస్తరి

సూర్యాపేట,
ఆదివారం.

ప్రియమైన దీవెనకు,

అమ్మా నేనూ దేవుడి దయవల్ల కాలూ చెయ్యీ ఆడుతూ ఉన్నాం. నువ్వు ముంబైలో వేళకు తింటూ, గొంతు కాపాడుకుంటూ ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం అంది నెల కావస్తోంది. ఆలస్యానికి కోపగించుకోకు. ఫోన్ చేస్తే నీ మేనేజరు ఎత్తి “మేడం, రికార్డింగ్‌లో ఉన్నారు” అంటాడు. ఉత్తరమైతే నీ చేత్తోనే విప్పుతావు. నువ్వడిగినవాటికి వరసగా జవాబు రాస్తున్నాను. చివరి ప్రశ్నకు చివర్లోనే రాస్తాను, ముందుకు తేలేను.

అమ్మ నీ పాటలు వింటుందా అన్నావు. మన ఊళ్లో, మోతెలో, ఏ పెళ్లి బరాత్ అమ్మ ఉండే సందులోంచి పోయినా డీజేలో నీ ‘మిర్చిబండి’ పాటే. అది మొదలుకాగానే అమ్మ లేచి తలుపు దగ్గరకు వేస్తుంది. గడియ మాత్రం పెట్టదు. ఎందుకని అడిగాను. “చర్చి సంఘంల అందరు నా దిక్కే సూస్తరు. టీవీల ముక్కుపుల్ల, గడ్డం రెండు ఉన్నయంట గద, ఏమని జెప్పాలె?” అంది. మళ్లీ తనే, “మొఖం సిక్కిపోయిందా?” అని అడిగింది. ఆడా మగా రెండూ కాను, నేను నేనే అని నువ్వు స్టేజీ మీద చెప్పిన రోజు నుంచీ నిన్ను పాత పేరుతో పిలవడం మానేసింది. కొత్త పేరూ పలకదు. ‘బిడ్డ’ అంటుంది, అంతే. అది ఒప్పుకోవడమో, తప్పించుకోవడమో నాకు అర్థం కాదు.

ఇక్కడివాళ్లు నీ గురించి ఏమనుకుంటున్నారని అడిగావు. మార్కెట్ యార్డు దగ్గర ఆటోల్లో నువ్వే, మిర్యాలగూడ బస్సులో పిల్లల ఫోన్లలో నువ్వే. పోయిన ఎండాకాలం ఆండాళూ నేనూ మిర్యాలగూడలో, మా ఇద్దరి కాలేజీలోనే పనిచేసే ఒకామె పెళ్లికి వెళ్లాం. నీ పాటకు చెమటలు కక్కేదాకా ఎగిరిన ఒకడు కుర్చీలో కూలబడి, “పాట మస్తుంది గని, పాడింది ఆడో మగో ఎరకైతలేదు” అని నవ్వాడు. ఆండాళు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, “ఎగిరేటప్పుడు రాలేదా తమ్ముడూ ఈ అనుమానం?” అంది. వాడు లేచి వేరే వరసలోకి పోయాడు. తనది కోదాడ నోరు కదా. నేను మాత్రం తల వంచుకుని తింటున్నాను.

నీ పెద్ద ప్రశ్నకు వస్తాను. కొత్త ఆల్బంలోంచి ‘నేనేమైత’ పాట తీసేయమని కంపెనీవాళ్లు పట్టుబడుతున్నారని, అది ఉంటే సినిమా పాటలు రావంటున్నారని రాశావు. “తీసేస్తే అమ్మకు గూడ నిమ్మలం, నువ్వేమంటవ్ అక్కా?” అన్నావు. తీసేయమనే రాద్దామని రెండుసార్లు కలం పట్టుకున్నాను. నిన్ను తిట్టే కామెంట్లు చదవలేక చస్తున్నాను. నీకు సుఖంగా నాలుగు రోజులు గడిస్తే చాలనిపిస్తుంది. కానీ ఆ పాటను ఎవరికన్నా ముందు నాకు పంపావు. “తమ్ముణ్ణి కాను, చెల్లెను కాను, నీకు నేనేమైత అక్కా” అని నువ్వు అడుగుతుంటే, ఒకే ఇయర్‌ఫోన్ చెరొక చెవిలో పెట్టుకుని ఇద్దరం విన్నాం. ఆండాళు మళ్లీ పెట్టమంది. మూడోసారి నా చెయ్యి పట్టుకుంది.

ఇక నీ చివరి ప్రశ్న. “ఆండాళక్క ఎట్లుంది?”

నీ ఉత్తరం తనే పైకి చదివి వినిపించింది. ఆ ప్రశ్న దగ్గర ఆగి, “నేనెలా ఉన్నానో నేనే రాస్తాలే” అంది. వారం తిరక్కుండానే పోయింది, దీవెనా. క్లాసు చెబుతూ బోర్డు దగ్గరే కూలిపోయిందట. నేను దవాఖానకు చేరేసరికి గుండె ఆగిందన్నారు. వాళ్ల అన్న సత్యనారాయణ కోదాడ నుంచి వచ్చి తీసుకుపోయాడు. అంబులెన్సులో ఇంటివాళ్లకే చోటు. నేను వెనక బస్సులో వెళ్లాను.

లోకానికి మేము కిరాయి పంచుకునే ఇద్దరు లెక్చరర్లం. నీకూ అంతే చెప్పాను. అది కాదు. నాకు తోడు లేదని అమ్మ ఏడ్చిన ఏళ్లన్నీ నాకు తోడు ఉంది. ఆలుమగల్లా బతికాం. ఆ మాట మాకు సరిగ్గా అతకదు గాని, దానికన్నా దగ్గరి మాట నాకు దొరకలేదు. ఇంత చదివీ నాకు పేరు తెలియనిదాన్ని నువ్వు పాటగా పాడావు. నువ్వు పాడాకే మా ఇంట్లో మేము ఆ సంగతి నోరు తెరిచి మాట్లాడుకున్నాం.

మూడోనాడు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి ముట్టేదాకా కాచుకోవడం చిన్నప్పుడు మనం దూరం నుంచి చూసేవాళ్లం. గారెలు, కోడికూర, తను ఎన్నడూ ముట్టని బొబ్బట్లు పెట్టారు. కాకి కరెంటు తీగ మీద కూర్చుంది గాని దిగలేదు. ఏదో కోరిక మిగిలిందన్నారు. సత్యనారాయణ చేతులు జోడించి, “నీ ప్లాటు జోలికి పోములే చెల్లెమ్మా, తిను” అన్నాడు. అయినా దిగలేదు.

“పిల్లకి ఏమిష్టమో ఎవరికన్నా తెలుసా?” అంది వాళ్ల మేనత్త రుక్కమ్మ.

నాకు తెలుసు. మన అమ్మ చేసే పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ఎక్కువేసి. రెండడుగులు ముందుకు వేశాను.

“నువ్వేమవుతావమ్మా మా పిల్లకి?”

మంచిగానే అడిగింది పాపం. “ఒకే ఇంట్లో కిరాయికి ఉంటామండీ” అన్నాను.

“అలాగా. కాస్త పక్కకి జరగమ్మా, ఇంటోళ్లు ముందుకి రావాలి.”

జరిగాను. అప్పుడే కాకి గోడ మీదికి దిగింది. సరిగ్గా అదే సమయానికి రోడ్డు మీద పెళ్లి సామాను ట్రాక్టరు ఒకటి నీ ‘మిర్చిబండి’ హోరెత్తించుకుంటూ వచ్చింది. కాకి బెదిరి లేచిపోయింది, మళ్లీ రాలేదు. పొద్దెక్కిందని విస్తరి ఆవుకు పెట్టేశారు. నీ పాట విని నవ్వొచ్చింది నాకు, అక్కడ నవ్వకూడదని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నాననుకుని ఎవరో నీళ్లిచ్చారు.

ఇంటికొచ్చి పచ్చిపులుసు చేసి డాబా మీద పెట్టాను. ఫోన్లో ‘నేనేమైత’ పెట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాను. కాకి రాలేదు. వస్తుందని నమ్మే మతమూ కాదు నాది.

మిర్చిబండికి ఊరంతా ఉంది. ఆ రెండో పాటకు ఇద్దరం ఉండేవాళ్లం, ఇప్పుడు నేనొక్కదాన్ని. ఒక్కదాని కోసం నీ బతుకుదెరువు పణంగా పెట్టమనడం న్యాయమో కాదో తేల్చుకోలేను. అయినా అడుగుతున్నాను, ఉంచు. తీసేసినా నిన్ను ఏమీ అనను. పక్కకు జరగమంటే జరిగినదాన్ని, నిన్నేమంటాను?

వచ్చే వారం నెలమాసికం. కోదాడ పోతున్నాను, గిన్నెలో పచ్చిపులుసు పట్టుకుని. రుక్కమ్మ మళ్లీ అదే అడుగుతుంది. నోరు పెగులుతుందో లేదో తెలియదు. అందుకే ముందు నీకు, ఈ కాగితం మీద, ఒకసారి రాసి చూసుకుంటున్నాను.

ఇట్లు,
నీ అక్క,
ఆండాళు ఇంటి మనిషి,
సాలి