బ్యాడ్జి రిపోర్టు వచ్చిన రోజు

మంగళవారం, శామీర్‌పేట

కడుపు పోయాక ఇవాళే మళ్లీ ల్యాబుకు వెళ్లాను. పొడి చేసిన రాయి యాసిడ్‌లో నానుతూనే ఉంది. నాసిరకం ఖనిజం కదా, డ్రమ్ముల కొద్దీ నానబెట్టి వడగడితే చివరికి చిటికెడు పసుపుపచ్చ యురేనియం మిగులుతుంది.

ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలవడానికి ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జి రిపోర్టు కూడా వచ్చింది. నేను కడుపుతో ఉన్న నెలలకు ఏమీ లేదని రాసి ఉంది. మా సార్ ఊపిరి పీల్చుకున్నారు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ బెండకాయలు తరుగుతోంది.

"గా రాళ్ల పని వద్దని మొదలే జెప్పిన బిడ్డా. ఇన్నవా?"

"పని వల్ల కాదత్తమ్మా. బ్యాడ్జిలో ఏం రాలేదు."

కత్తి ఆగింది. "మరి కడుపెందుకు పోయింది?"

కోపంతో అడగలేదు. నిజంగా తెలియకే అడిగింది. ఒక్కోసారి ఇట్లా అవుతుందని డాక్టరమ్మ అన్న మాటే మళ్లీ చెప్పాను. అది ఆమెకూ సరిపోలేదు, నాకూ సరిపోలేదు.

అంత రాయిలోంచి చిటికెడు యురేనియం వెతికి తీస్తాను. ఆ రిపోర్టును మాత్రం ఎన్నిసార్లు చదివినా ఏమీ దొరకలేదు. తప్పు నాదేనని తేలినా బాగుండేది. అత్తమ్మకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది.