సున్నా వేసింది నేనే

అన్నయ్యా,

నువ్వు కసురుకుంటావని తెలిసే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను.

మొన్న ఆసుపత్రిలో నీ ఫారం నింపుతూ, "ఒంట్లో బాగాలేక ఈ ఏడాది ఎన్ని రోజులు పని మానేశారు?" అని చదివితే, "మానెయ్యడానికి నాదేమన్నా ఆఫీసా? ఆవులకి ఆదివారం ఉంటుందా? సున్నా వెయ్యి" అన్నావు. ఇంత చదువుకున్నదాన్ని, నేనూ నవ్వేసి సున్నా వేశాను. అది చూసే డాక్టరుగారు భుజానికి ఆపరేషన్ తొందరేం లేదన్నారు.

నిన్న వదిన చెప్పింది. "నాలుగు నెలల్నుంచి మీ అన్నయ్య తల నేనే దువ్వుతున్నానమ్మా, బడికి పంపే పిల్లాడికి దువ్వినట్టు!" చెయ్యి తలదాకా లేవని మనిషి రెండు పూటలా ఆరు ఆవుల పాలు పితుకుతుంటే, దాన్ని పని చెయ్యగలగడం అనాలా, మానలేకపోవడం అనాలా?

నిన్ను అడక్కుండానే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఉన్నదంతా చెప్పి ఆ సున్నా దిద్దించాను. ఇంకా ఆలస్యమైతే చెయ్యి పూర్తిగా బిగుసుకుపోతుందట. సోమవారం ఆపరేషన్, తర్వాత నెలన్నర విశ్రాంతి. నేను చేసింది తప్పేమోనని ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది. అయినా వెనక్కి తీసుకోను.

కాలేజీకి సెలవు పెట్టి ఆదివారమే వస్తున్నాను. పితకడం నువ్వు నేర్పిందే కదా. నల్లావు నీకు తప్ప ఎవరికీ పాలు చేపదని నీ బెంగ. అందుకే నీ చొక్కా ఒకటి ఉతకొద్దని వదినతో చెప్పు, అది తొడుక్కుని దాని పక్కన కూర్చుంటాను. తన్నితే తన్నిందిలే, చిన్నప్పుడు నీ చేత తన్నులు తినలేదా!

నీ చెల్లి