ఏసుమణి బండి ఎవరికి చెందాలంటే

వీలునామా

నేను, గోర్లగుట్ట లేవి, తండ్రి కీ.శే. దానయ్య, వయస్సు అరవై మూడు, సిమెంటు ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీరుగా చేసి రిటైరయినవాణ్ణి, కడప జిల్లా ఎర్రగుంట్లలో సొంత ఇంట్లో నివాసం. ఈ కాగితం నా చేత్తో నేనే రాస్తున్నాను. ఎవరూ పక్కన కూర్చుని చెప్పడం లేదు. నేను ఎవరికీ భయపడీ, ఎవరి మీదా కోపంతోనూ రాయడం లేదు. మతి స్థిరంగా ఉంది. లాయరు గారు ఒక ముసాయిదా పంపారు. అందులో కారు గురించి 'ఒక మోటారు వాహనం' అని ఒక్క ముక్క ఉంది. అది చాలదు కనుక ముసాయిదా పక్కన పెట్టాను.

నా భార్య ఏసుమణి పోయిన సంవత్సరం ఆగస్టు నెలలో చనిపోయింది. మాకు ఒక్కతే కూతురు, దీవెన. కర్నూలులో నర్సు. ఏసుమణికి ఒక తమ్ముడు, ఏసేపు. మంగంపేట దగ్గర టిప్పర్లకు సైలెన్సర్లు వెల్డింగు చేసే షాపు అతనిది. ఏసుమణి పేర ఉన్న ఆస్తిలో దీవెన తన వాటాను నాకు రాతపూర్వకంగా వదిలింది. కాబట్టి కింద రాసినవన్నీ ఇచ్చే హక్కు నాకు ఉంది. ఇంతకు ముందు నేను వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా చూపిస్తే అది చెల్లదు.

1. నేను ఉంటున్న ఇల్లు, బ్యాంకులో నా పేర ఉన్నదీ దీవెనకు. ఇల్లు అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు. దాన్ని కాపాడాలన్న బరువు ఆమె మీద పెట్టడం లేదు. వంటింటి కిటికీ చెక్క చెదలు పట్టింది. అమ్మితే ఆ మాట కొనేవారికి ముందే చెప్పాలి.

2. ఏసుమణి నడిపిన డ్రైవింగ్ స్కూలు, దాని బోర్డు, రెండు పక్కలా బ్రేకు ఉన్న నేర్పుడు కారు సుజనకు. సుజన అక్కడే నేర్చుకుని అక్కడే నేర్పే టీచరయింది. లైసెన్సు తన పేరున కొత్తగా తీసుకోవాలి. ఈ ఊళ్లో ఆడవాళ్లు స్టీరింగు పట్టుకుంటే జనం ఆగి చూసే రోజుల్లో ఏసుమణి ఆ బోర్డు కట్టింది. కొత్తగా వచ్చినవాళ్లు భయంతో గేరు వైపే చూస్తుంటే, "గేరు యాడికీ పోదు తల్లీ, రోడ్డే పోతాంటాది. దాన్ని చూడు" అనేది. సుజన ఇప్పటికీ ఆ మాటే చెబుతోంది. మానకూడదు.

3. మా చర్చికి ఏసుమణి పేరున ఒక సీలింగు ఫ్యాను. ఒకప్పుడు సెక్రటరీ గారు ఏసుమణి సొంత ఎర్ర కారు ఈల వేస్తుందని, దాన్ని కాంపౌండులోకి తేవద్దని కబురు పంపారు. అందుకని చప్పుడు చేయని ఫ్యానే కొనాలి. సెక్రటరీ గారు కూర్చునే బెంచికి సరిగ్గా పైనే బిగించాలి.

4. షెడ్డులో ఉన్న నా పనిముట్లు నా మిత్రుడు వీరభద్రకు. ఫ్యాక్టరీలో నాతోపాటు పనిచేసిన మనిషి. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆయనదే. బోల్టులు కొలిచి బిగించే టార్క్ రెంచిని మాత్రం ఎవరికీ అరువు ఇవ్వకూడదు. చాలా ఏళ్ల కిందట ఇస్తే వంగి తిరిగొచ్చింది. ఎవరు వంచారో వీరభద్రకు తెలుసు. తీసుకుపోయింది ఆయనే.

5. ఎదురింటి సుంకన్నకు ఏమీ రాయలేదు. సాక్షి సంతకం చేసేవారికి రాస్తే చెల్లదు. ఇవ్వాలనుకున్నది చేతికే ఇస్తాను.

6. ఎర్ర కారు సీటు కింద ఏసుమణి చెప్పులు ఉన్నాయి. ఆమె ఉత్త కాళ్లతోనే నడిపేది. నేను వాటిని కదిలించలేదు. అవి ఎవరికీ చెందవు. నన్ను ఆమె పక్కన పాతిపెట్టేటప్పుడు నా పెట్టెలో పెట్టాలి.

7. ఇక ఆ కారు.

గోవాలో కొన్నాళ్లు తయారై ఆగిపోయిన రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు అది. ఫైబర్ బాడీ. ఏసుమణి బెంగళూరులో పాతది చూసి కొనుక్కుంది. ముగ్గురున్న ఇంటికి రెండు సీట్ల బండి ఎందుకని అడిగాను. "ఇంటికి గాదప్పా, నాకు" అంది.

చూపుకు బాగుండేది గానీ బలం తక్కువ. ఒకసారి గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుంటే రాయచోటి వైపు పోయే టమోటా లోడు బండి మమ్మల్ని దాటిపోయింది. ఆ డ్రైవరు చెయ్యి బయట పెట్టి టాటా చెప్పాడు. రాయచోటిలో టీ తాగుతూ ఏసుమణి, "దీనికి టర్బో పెడతావా, లేకపోతే నేనే ఏసేపుతో పెట్టించుకునేదా?" అని అడిగింది.

దీవెనకు తెలియడం కోసం రాస్తున్నాను. టర్బో అంటే ఇంజను వదిలే పొగ ఒత్తిడికి తిరిగే చిన్న చక్రం. అది తిరుగుతూ ఇంజనులోకి గాలి నెడుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండికి బలం వస్తుంది. పాత డీజిలు కారుది ఒకటి కడప స్క్రాపు షాపులో దొరికింది. ఇంజను నుంచి పొగను దానికి చేర్చే గొట్టాలు ఏసేపు స్టీలు పైపు ముక్కలు కోసి, అతికించి తయారుచేశాడు. లెక్కలు, నూనె పైపులు నావి. పెట్రోలు సర్దుబాటు బెంగళూరులో చేయించాం. రెండు ఎండాకాలాలు పట్టింది. ఆదివారం చర్చి కాగానే ఏసేపు మంగంపేట నుంచి వచ్చేవాడు. ముగ్గురం షెడ్డులోనే అన్నం తినేవాళ్లం.

మొదటిసారి స్టార్టు చేస్తే వీధంతా నీలం పొగ. టర్బో నుంచి నూనె కిందికి దిగే పైపు నేను కొంచెం వంపు పెట్టి వేశాను. నూనె దిగక పొగలో కలిసింది. ఏసుమణి కొంగు ముక్కుకు పెట్టుకుని, "ఏమిరా ఏసేపూ, ఉండే సిమెంటు ఫ్యాక్టరీలు చాలవని ఇంకోటి ఈడ పెడతాండారా?" అంది. "నన్నంటావేందక్కా, అది ఇంజనీరు సారు పని. నాది వెల్డింగే. నా అతుకులో పొగ కారితే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. పైపు సరిచేశాం. అతని అతుకుల్లో ఈనాటికీ పొగ కారలేదు.

గాలి ఒత్తిడిని నేను తక్కువలోనే ఉంచాను. ఏసేపు ఇంకా పెంచమనేవాడు. "బావది సిమెంటు బుద్ధి, పట్టుకుంటే ఇడవడు" అని అక్కతో చాడీలు చెప్పేవాడు. టర్బో బండి తొక్కగానే ఉరకదు. ఒక క్షణం ఆగి, ఈల వేసి, అప్పుడు లాగుతుంది. ఏసుమణి మొదటి రోజే కనిపెట్టింది. "అచ్చం నీ మాదిరేనప్పా. శానాసేపు ఆలోచిస్తాది. ఆ మీద ఎవరి మాటా ఇనదు" అంది. ఆ తరువాతి నెలలో గువ్వలచెరువు ఘాటులో ఒక్క టమోటా బండినీ ముందు పోనివ్వలేదు.

8. టర్బో బండికి ఒక పద్ధతి ఉంది. గట్టిగా నడిపి వచ్చాక వెంటనే తాళం తిప్పకూడదు. టర్బో కాగి ఉంటుంది. ఇంజను ఆగితే నూనె ఆగుతుంది, నిలిచిన నూనె అక్కడే మాడి బేరింగు చెడుతుంది. కాసేపు ఊరికే ఆడనిచ్చి, వేడి దిగాక ఆపాలి. లారీ నడిపే ప్రతివాడికీ తెలిసిన పని. ఏసుమణికి చెప్పింది నేనే. ఒకటి రెండు నిమిషాలు చాలన్నాను. ఆమె దాన్ని పెంచుకుంటూ పోయింది.

గేటు ముందు నిలిపి, ఇంజను ఆడుతుండగా సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకునేది. ఆ సేపు ఎవరూ పిలవకూడదు. ఫోను ఎత్తేది కాదు. ఒకసారి నేను గేటు దాకా పోతే, "బండి చల్లబడేదానికి టైమిస్తారు, మనిషికి ఎవరిస్తారప్పా? లోపలికి పో, వస్తా" అంది. తరువాత నేను పోలేదు. వీధిలో అందరికీ ఇది తెలుసు. ఇంజను ఆడుతున్నంతసేపు మా గేటు దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. నేను ఆ శబ్దం వినగానే టీ పెట్టేవాణ్ణి. ఇంజను ఆగేసరికి టీ దిగేది. మా ఇంటి ఆచారం అది.

9. ఆగస్టులో, ఆ ఆదివారం సాయంత్రం ఆమె గండికోట దాకా పోయి వచ్చింది. బండి గేటు ముందు నిలిచింది. ఇంజను ఆడుతోంది. టీ పెట్టాను. టీ దించాను. ఇంజను ఆగలేదు. ఈ రోజు ఇంకాస్త కూర్చోవాలని ఉందేమో అనుకున్నాను. టీ మీద మూత పెట్టాను. రేడియేటరు ఫ్యాను తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం వినిపించింది. ఎదురుగా అరుగు మీద సుంకన్న కూడా కూర్చుని వింటున్నాడు. తరువాత నేను గేటు దాకా పోయాను.

తాళం నేనే తిప్పాను.

గుండెపోటు అన్నారు డాక్టర్లు. ముందే చూసి ఉంటే బతికేదా అని దీవెన అడిగింది. చెప్పలేమన్నారు. దీని గురించి ఇంతకన్నా రాయను.

10. సమాధి దగ్గర పాస్టరు గారి ప్రార్థన ముగిశాక ఏసేపు అందరి ముందు నన్ను అడిగాడు. "లోపల మనిషి ఎట్లుండాదో చూడల్యా? ఇంజను మాట ఇంటా కూసుంటివా బావా?" అతను ఆ తరువాత ఈ ఇంటికి రాలేదు.

క్రిస్మస్‌కు దీవెన అతనికి ఫోను చేసి పిలిచింది. అతను అన్న మాటలు ఆమె నాకు చెప్పింది. "ఆ బండి నాకిమ్మను. నేను అతికించినేటివి నేనే కోసేస్తా. ఆ టర్బో లేకుంటే అక్క బండి ఆపి నేరుగా ఇంట్లోకి వచ్చుండు. పడిపోయినా బావ కండ్ల ముందర పడిపోయుండు. ఎత్తుకోని ఆసుపత్రికి పోయుందురు." నన్ను అడిగిన ప్రశ్న అతను ముందు తనకే వేసుకున్నాడని అప్పుడు నాకు తెలిసింది.

దీవెన వేరే మాట చెప్పింది. "కోయనీయొద్దు నాన్నా. అమ్మ పెట్టుకున్నది అది. అట్లని నేను నడపలేను." బండి ఎవరికి రాయాలన్నది ఇన్ని నెలలుగా తేలకపోవడానికి కారణం ఇదే. ఒకరు కోస్తామంటారు. ఒకరు కోయొద్దంటారు, ముట్టుకోరు. నేను వారానికోసారి స్టార్టు చేస్తాను. బయట నిలబడే తాళం తిప్పుతాను.

11. బండి ఏసేపుకు రాస్తున్నాను. టర్బోతో సహా, అన్ని గొట్టాలతో సహా. ఆర్.సి. ఇప్పుడు నా పేర ఉంది. టర్బో ఆర్.సి.లో ఎక్కలేదు. తెలిసి తీసుకోవాలి.

ఏసేపు ఇది కూడా తెలుసుకోవాలి. పెళ్లయిన నాటి నుంచి ఏసుమణిని ఎవరూ పిలవని సమయం ఆ కాసేపే. పొద్దున లేస్తే నేను, దీవెన, క్లాసుకొచ్చే ఆడవాళ్లు, చర్చివాళ్లు, అందరికీ ఆమే కావాలి. అతను గొట్టాలు అతికించాక, రోజుకు కాసేపు ఎవరికీ అక్కర్లేకుండా ఉండగలిగింది. ఆ సీట్లో కూర్చున్నప్పుడు ఆమె మొహం నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. అంత నిమ్మళంగా ఇంకెక్కడా చూడలేదు. అది అతని పని. ఆ ఆదివారం నేను గేటు దాకా పోకపోవడానికి కారణం కూడా అదే. ఈ రెండూ నిజమే. రెండింటినీ కలిపి మోయడం నాకు ఇంకా చేతకాలేదు. అతనికీ చేతకాకపోతే అందులో తప్పు లేదు.

కోయాలనిపిస్తే కోయవచ్చు. దీవెన అడ్డు చెప్పకూడదు. కానీ కోసేముందు ఒకసారి దీవెనను పక్కన కూర్చోబెట్టుకుని గువ్వలచెరువు ఘాటు ఎక్కాలి. వాళ్ల అమ్మ ఎట్లా నడిపేదో ఆ పిల్లకు చెప్పగలిగినవాడు ఇప్పుడు అతనొక్కడే. నేను పక్క సీట్లో కళ్లు మూసుకునేవాణ్ణి.

కోయకుండా ఉంచుకుంటే ఒక షరతు. బండి పరుగెత్తి వచ్చి ఇంటి ముందు ఆడుతున్నప్పుడు అందులో ఒక్కరే ఉండకూడదు. నడిపినవారు ఒంటరిగా వస్తే ఇంట్లో ఉన్నవారు పొయ్యి మీద ఏమున్నా దించి, బయటికి పోయి, పక్క సీట్లో కూర్చోవాలి. మాట్లాడనవసరం లేదు. కళ్లు మూసుకున్నవారిని కదిలించనవసరం లేదు. ఇంజను ఆగేదాకా పక్కన ఉంటే చాలు.

ఇలాంటి షరతు కోర్టులో నిలబడదని లాయరు గారు అన్నారు. నిలబడకపోవచ్చు. ఏసేపు నిలబెడతాడు.

12. వీలునామా మనిషి పోయాక తెరిచేది. ఇది అంతవరకు ఆగదు. సంతకాలు కాగానే ఒక నకలు మంగంపేటకు పంపుతున్నాను. ఏసేపు నేను ఉండగానే వస్తే బండి అప్పుడే తీసుకోవచ్చు. తాళం తలుపు పక్క మేకుకు ఉంది. నన్ను పిలవనక్కర్లేదు. స్టార్టు చేసి, గేటు ముందు ఆడనివ్వాలి. నేను వచ్చి పక్కన కూర్చుంటాను.

ఎర్రగుంట్ల,
2025 నవంబరు 17, సోమవారం.

(సంతకం)
గోర్లగుట్ట లేవి

లేవి గారు దీన్ని చదివి, మా ఇద్దరి కళ్లెదుట సంతకం చేశారు. ఆయన ఎదుటే మేమూ చేశాం.

సాక్షులు:
1. సుంకన్న, రిటైర్డు లారీ డ్రైవరు, ఎదురిల్లు, ఎర్రగుంట్ల.
2. హనుమేష్, పోస్టుమాస్టరు, ఎర్రగుంట్ల.