వలయం వెయ్యని ఏడు

అన్నయ్యా,

నిన్న నీ సంవత్సరీకం. హిమాలయాల్లో నీతో పనిచేసిన స్నేహితుడు మన పొందూరు వచ్చాడు. పాతకాలపు వానల సంగతి తేల్చడానికి ముసలి పైన్ చెట్టులోంచి నువ్వు తీసిన చెక్కపుల్లను, పెన్సిలంతే ఉంది, అమ్మ చేతిలో పెట్టాడు. గొప్పలు పోయేవాడివిగా, చెట్టు ఏడాదికో వలయం వేస్తుందని నువ్వు కట్టిన లెక్క ఒక ఏడు తప్పిందట. పక్క చెట్లతో పోల్చాక తెలిసింది. వాన బొత్తిగా లేని ఓ ఏడు ఈ చెట్టు వలయమే వెయ్యలేదట.

"మరి ఆ యేడు సెట్టు సచ్చిపోనేదా బాబూ?" అంది అమ్మ.

"లేదమ్మా, బతికే ఉంది. వలయం వేసే సత్తువ లేదంతే."

నీకు తెలీదు కదా, నువ్వు పోయినప్పటి నుంచి అమ్మ నూలు వడకలేదు. రాట్నం అటకెక్కింది. పత్తి ఏకే వాలుగ చేప దవడ గూట్లోనే ఉండిపోయింది.

అతను వెళ్లాక అమ్మ ఆ పుల్లను చాలాసేపు తడిమి, "రాట్నం దించవే" అంది. దించి, దుమ్ము తుడిచి ముందు పెట్టాను. పత్తి అడగలేదు. ఉత్త చక్రాన్నే ఒకసారి తిప్పి, అది ఆగేదాకా చూస్తూ కూర్చుంది.

"ఆ సెట్టుకి మర్సటేడు వానొచ్చినాది గావాల" అంది.