రంగు పట్టని కండ ముక్క

మంగళవారం.

నా కాళ్లు కల్లుతోనే పడిపోయాయని మా ఊరు ఎడపల్లి అంతా పదేళ్లుగా అంటోంది. నేను కల్లు ముట్టనే లేదు. కండలో కణం తన చెత్తను తానే తినేయాలట. జబ్బుంటే తినదు, ప్రొటీన్ పేరుకుంటుంది; దాన్ని యాంటీబాడీ అనే మందు పట్టుకుని రంగు తేల్చి చూపుతుందని డాక్టర్లు అన్నారు. నిజం తేలుతుందని తొడ కోయించి కండ ముక్క ఇచ్చాను.

ఈరోజు నిజామాబాద్ ల్యాబులో పిల్ల చెప్పింది: "పోల్చి సూసెతందుకు పెట్టిన, జబ్బున్నదని ముందే తెలిసిన వేరేటోళ్ల ముక్కకు గూడ రంగు పట్టలే తాతా. యాంటీబాడీయే ఖరాబైంది. మీ ముక్క మొత్తం ఈ పరీక్షకే అయిపోయింది."

"గది ముందుగల్ల సూసుకోరా? చక్కెర ఫ్యాక్టరీల పాకం వేళ్ల నడుమ తీగ సాగితేనే పాన్ గంగాళం దించేటోణ్ణి నేను!"

మళ్లీ కోయడానికి తొడలో కండ మిగల్లేదు. ఊరి మాటే నిలుస్తుందేమో. అయినా చెప్పి వచ్చాను: "ఎట్ల తేలుస్తరో మీ ఇష్టం, శుక్రవారం లోపట రాసియ్యాలె. నా కాళ్లను తిన్నది కల్లా, జబ్బా?"