అలిగిన రోజు ఉత్తరం

ఆరో రోజు, రాత్రి. చెన్నూరు.

ఈరోజు అలిగిన బతుకమ్మ. పూలు తేవడం, పేర్చడం, ఆడడం ఏమీ ఉండవు. అమ్మకు తీరిక దొరికేది ఈ ఒక్కరోజే అని హాలిడేస్ మొదలైనప్పటి నుంచి ఎదురుచూశాను. హాస్టల్‌లో కౌన్సెలర్ మేడమ్ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. నాకు డిప్రెషన్ అని, ఒంటరిగా వదలొద్దని అందులో ఉంది.

చిన్నమ్మ అక్కడే ఉంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది. "అక్కా, బతుకమ్మ అలిగేది ఒక్కరోజే. నీ బిడ్డ వచ్చినకాంచి అలిగే ఉన్నది గదా!"

"ఆమె దేవత, మొక్కుతం. దీనికి రెండు తగిలిస్తే అలక దిగుతది," అంది అమ్మ. ఇద్దరూ పగలబడి నవ్వారు. అప్పుడు అమ్మ అడిగింది, "గా చేతిల ఏం కాయితమే?"

"హోంవర్క్ అమ్మా."

రేపు బతుకమ్మ అలక తీరుతుంది. కొత్త లంగావోణీ వేసుకుని నేనూ చప్పట్లు కొట్టాలి. కొడతాను. కానీ నాకు నేనంటేనే భయంగా ఉంది...

ఉత్తరం కింద తల్లిదండ్రుల సంతకం కావాలి. "చదివాము, కనిపెట్టుకుని ఉంటాము" అని ఉన్నచోట ఇందాక నేనే పెట్టేశాను. అచ్చం అమ్మ సంతకంలాగే వచ్చింది.